ఓల్డ్ సేరం: జనం వెళ్లిపోయాక కూడా ఇద్దరు ఎంపీలను పంపిన దిబ్బ

దక్షిణ ఇంగ్లండులోని విల్ట్‌షైర్ ప్రాంతంలో, సాల్స్‌బరీ పట్టణానికి ఉత్తరంగా మూడు కిలోమీటర్ల దూరంలో ఒక పెద్ద మట్టిదిబ్బ ఉంది. చుట్టూ లోతైన కందకాలు, లోపల పచ్చగడ్డి, గడ్డి మధ్య కోటగోడల మొండి ముక్కలు, ఒక పక్కన నేలకు సమంగా మిగిలిన పెద్ద చర్చి పునాదుల గీతలు కనిపిస్తాయి. మన పల్లెల్లో ఇలాంటి చోటును పాటిదిబ్బ అంటారు. ఈ దిబ్బ పేరు ఓల్డ్ సేరం. 1832 వరకు ఇది బ్రిటిష్ పార్లమెంటుకు ఇద్దరు సభ్యులను పంపుతూనే ఉంది. అదే కాలంలో, లక్షకు పైగా జనంతో ఇంగ్లండుకే పేరు తెచ్చిన మాంచెస్టరు పట్టణానికి సొంతంగా ఒక్క సభ్యుడు కూడా లేడు.

నియోజకవర్గాల పునర్విభజన గురించి మన దేశంలో చర్చ నడుస్తున్నప్పుడు ఓల్డ్ సేరం ఉదాహరణగా వస్తుంటుంది. చెప్పేవారు సాధారణంగా అంకెల దగ్గర ఆగిపోతారు. అంకెలు నిజమే. అయితే ఈ నియోజకవర్గం చరిత్రను కాస్త దగ్గరగా చూస్తే అక్కడ ఒకటి కాదు, రెండు జబ్బులున్నాయని తెలుస్తుంది. జనాభాకూ సీట్లకూ పొంతన లేకపోవడం మొదటిది. ఓటు మనిషిని కాక నేలను అంటిపెట్టుకుని ఉండడం, అందువల్ల నేలను కొన్నవాడు ఎంపీలను కూడా కొన్నట్టే కావడం రెండోది. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడడం వల్లనే గందరగోళమంతా పుడుతోంది. ఓల్డ్ సేరం కథలో వాటిని విడదీసి చూడవచ్చు.

ముందుగా తెలియాల్సిన మాటలు

బరో అంటే రాజు నుంచి ప్రత్యేక హక్కులు పొందిన పట్టణం. మధ్యయుగాల ఇంగ్లండులో పార్లమెంటును పిలిచినప్పుడు ప్రతి కౌంటీ (జిల్లా లాంటి ప్రాంతం) నుంచీ ఇద్దరు, ఎంపిక చేసిన ప్రతి బరో నుంచీ సాధారణంగా ఇద్దరు ప్రతినిధులు వెళ్లేవారు. ఎంతమంది జనానికి ఒక సభ్యుడు అనే లెక్క అప్పుడు లేనేలేదు. ప్రాతినిధ్యం వహించేది జనసంఖ్యకు కాదు, బరో అనే హోదాకు.

ఆ బరోలో ఓటు ఎవరికి ఉండాలన్నది ఒక్కో చోట ఒక్కో రకంగా ఉండేది. కొన్ని పట్టణాల్లో పన్ను కట్టే ఇంటి యజమానులందరికీ, కొన్నింట పురపాలక సంఘ సభ్యులకు మాత్రమే, మరికొన్నింట బర్గేజ్ అనే పాతకాలపు స్థలాలు కలిగినవారికి మాత్రమే ఓటు ఉండేది. బర్గేజ్ అంటే బరో ఏర్పడినప్పుడు కొలిచి పంచిన ఇళ్ల స్థలం. ఆ స్థలంలో ఇల్లు కూలిపోయినా, అది బీడుగా మారినా, పంటపొలంలో కలిసిపోయినా దాని ఓటు చావదు. ఓల్డ్ సేరం ఈ మూడో కోవకు చెందింది.

ఇక రాటెన్ బరో, పాకెట్ బరో అనే రెండు మాటలను చాలామంది ఒకటిగా వాడతారు. మొదటిది జనం తగ్గిపోయి, ఓటర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతగా మిగిలిన కుళ్లిన బరో. రెండోది ఎవరో ఒక ధనికుని జేబులో ఉన్న బరో, అంటే ఆయన చెప్పినవాడే గెలిచే చోటు. జనం బాగానే ఉండి జేబులో ఉన్న బరోలు ఉండేవి. సముద్రపు కోతకు పట్టణంలో చాలా భాగం పోయిన డన్‌విచ్ మొదటి రకానికి మంచి ఉదాహరణ. ఓల్డ్ సేరం రెండూ అయింది, ఆ రెండింటిలోనూ చివరి అంచుకు చేరింది.

ఊరు దిగువకు పోయింది, సీటు దిబ్బ మీద నిలిచింది

ఓల్డ్ సేరం మొదటి నుంచీ ఖాళీ దిబ్బ కాదు. క్రీస్తుకు పూర్వమే అక్కడ మట్టికోట ఉంది. తర్వాత రోమన్లు వచ్చారు. 1066లో ఇంగ్లండును జయించిన విలియం అక్కడ కోట కట్టించాడు, 1086లో దేశంలోని పెద్ద భూస్వాములను అక్కడికే పిలిపించి విధేయత ప్రమాణం చేయించాడు. 1092లో ఒక పెద్ద చర్చిని ప్రతిష్ఠించారు, అయితే ప్రతిష్ఠ జరిగిన కొద్ది రోజులకే అది గాలివానకు దెబ్బతింది.

చోటు గొప్పదే కానీ కాపురానికి పనికివచ్చేది కాదు. దిబ్బ మీద నీళ్లు కరవు, గాలి ఎక్కువ. కోటలోని సైనికులకూ చర్చిలోని మతాధికారులకూ ఒకే ప్రహరీ లోపల నిత్యం తగాదా. చివరికి 1220లో బిషప్ రిచర్డ్ పూర్ కింద ఏవన్ నది ఒడ్డున కొత్త చర్చికి పునాది వేశాడు. చర్చి వెనకే బజారు, బజారు వెనకే జనం దిగిపోయారు. అలా వెలసిందే నేటి సాల్స్‌బరీ. పాత దిబ్బ మీది చర్చి రాళ్లను కూడా తర్వాతి కాలంలో కొత్త పట్టణపు కట్టడాలకు తీసుకువెళ్లారు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. 1295లో పార్లమెంటుకు ప్రతినిధులను పంపిన పట్టికలో ఓల్డ్ సేరం ఉంది. 14వ శతాబ్దం గడిచే కొద్దీ ఆ ఆనవాయితీ స్థిరపడింది. అంటే ఊరు ఖాళీ అయిన తర్వాత సీటు పోకపోవడం ఒక్కటే వింత కాదు, ఊరు ఖాళీ అవుతుండగానే సీటు గట్టిపడింది. దిగువన వెలసిన సాల్స్‌బరీకి తన ఇద్దరు సభ్యులు వేరుగా ఉన్నారు. 1540 ప్రాంతంలో ఇంగ్లండు అంతా తిరిగి పాత కట్టడాల వివరాలు రాసుకున్న జాన్ లీలండ్, ఓల్డ్ సేరంలో గోడల లోపలా బయటా మనుషులు కాపురమున్న ఇల్లు ఒక్కటి కూడా లేదని నమోదు చేశాడు. ఆ తర్వాత దాదాపు మూడు వందల ఏళ్లు అక్కడి నుంచి ఎంపీలు వెళుతూనే వచ్చారు.

మన రెవెన్యూ రికార్డులతో పరిచయం ఉన్నవారికి బేచిరాక్ గ్రామం అనే మాట తెలిసే ఉంటుంది. దీపం వెలగని ఊరు అని దాని అర్థం. మనుషులు ఎప్పుడో వెళ్లిపోయినా పేరు, సర్వే నంబర్లు, సరిహద్దులు రికార్డులో బతికే ఉంటాయి. ఓల్డ్ సేరం కూడా అలాంటి ఊరే. తేడా ఒక్కటే, మన బేచిరాక్ గ్రామానికి మిగిలింది రికార్డులో పేరు మాత్రమే, ఓల్డ్ సేరానికి పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలో రెండు కుర్చీలు కూడా మిగిలాయి.

పట్టా ఎవరి చేతిలో ఉంటే ఓటు వారిది

బర్గేజ్ ఓటు ఎలా పనిచేసేదో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక బరోలో పదకొండు బర్గేజ్ స్థలాలున్నాయనీ, ఒక భూస్వామి అన్నింటినీ కొనేశాడనీ అనుకుందాం. చట్టం ప్రకారం ఓటు స్థలానిది కాబట్టి, ఒక్కడే పదకొండు ఓట్లు వేయలేడు కానీ పదకొండు మందిని ఓటర్లుగా నిలబెట్టగలడు. ఎన్నికకు ముందు ఒక్కో స్థలాన్ని ఒక్కో నమ్మకస్తుని పేర కౌలుగానో బదలాయింపుగానో రాస్తాడు. వారిలో గుమాస్తా ఉండవచ్చు, వకీలు ఉండవచ్చు, దూరపు బంధువు ఉండవచ్చు. వారు వచ్చి, అందరి ముందూ నోటితో పేరు చెప్పి ఓటు వేస్తారు. పని అయిపోయాక దస్తావేజులు మళ్లీ యజమాని పెట్టెలోకి చేరతాయి. మన భాషలో చెప్పాలంటే ఇది పూర్తిగా బినామీ ఓటు. అయితే అప్పటి చట్టం దృష్టిలో ఇందులో దొంగతనమేమీ లేదు.

ఓల్డ్ సేరంలో 1831 నాటికి ఓటు హక్కున్నవారు పదకొండు మంది. వారిలో ఒక్కరు కూడా అక్కడ నివసించేవారు కారు. ఎన్నిక నిర్వహించే బెయిలిఫ్ కూడా ఎస్టేటు యజమాని నియమించిన మనిషే.

ఎన్నిక జరిగే తీరు కళ్లకు కట్టినట్టు ఊహించుకోవచ్చు. దిబ్బ కింద, స్ట్రాట్‌ఫర్డ్ సబ్ కాసిల్ అనే చిన్న పల్లె వైపు ఎలక్టింగ్ ఏకర్ అని పిలిచే ఒక పొలం ఉంది. ఆ పొలంలో ఒక ఎల్మ్ చెట్టు, దానికి పార్లమెంటు చెట్టు అని పేరు. బరోలో ఒక గది కూడా మిగలలేదు కాబట్టి ఎన్నిక ఆ చెట్టు కిందనే, ఆరుబయట సాగేది. బెయిలిఫ్ రాజాజ్ఞను చదువుతాడు. ఒకరు రెండు పేర్లు ప్రతిపాదిస్తారు, మరొకరు బలపరుస్తారు. మూడో పేరు వచ్చే సందర్భం చాలా అరుదు. రెండు పేర్లే ఉంటే ఓటింగు అవసరం ఉండదు, ఆ ఇద్దరూ ఎన్నికైనట్టే. అలా ఎన్నికైన సభ్యుడు ఆ చెట్టును జీవితంలో ఒక్కసారైనా చూసి ఉండాలన్న నియమం కూడా లేదు. 20వ శతాబ్దం మొదట్లో ఆ చెట్టు ఎండిపోయింది.

మద్రాసు గవర్నరు, కృష్ణా తీరపు వజ్రం

ఓల్డ్ సేరం చరిత్రలో తెలుగు నేలకు ఒక నిజమైన సంబంధం ఉంది. దాన్ని చెప్పేటప్పుడు చాలామంది ఒక పొరపాటు చేస్తారు కనుక, ఈ భాగాన్ని కాస్త నిదానంగా చూడాలి.

థామస్ పిట్ 1653లో పుట్టాడు. ఇరవై ఏళ్లు దాటగానే భారతదేశానికి వచ్చి, ఈస్టిండియా కంపెనీ అనుమతి లేకుండానే ఒడిశా తీరంలోని బాలాసోరు కేంద్రంగా వ్యాపారం మొదలుపెట్టాడు. కంపెనీ ఏళ్ల తరబడి అతనితో వ్యాజ్యాలాడింది. చివరికి, అతనితో పోట్లాడడం కన్నా తమలో కలుపుకోవడమే మేలని తలచి, 1698లో అతన్నే మద్రాసులోని సెయింట్ జార్జ్ కోటకు గవర్నరుగా పంపింది. 1709 వరకు ఆ పదవిలో ఉన్నాడు.

మద్రాసులో ఉండగా జంచంద్ అనే వజ్రాల వర్తకుడు అతని దగ్గరకు ఒక పెద్ద రాయిని తెచ్చాడు. శుద్ధి చేయని ఆ రాయి బరువు సుమారు 410 క్యారెట్లు. కృష్ణానది ఒడ్డున ఉన్న గోల్కొండ రాజ్యపు గనుల్లో అది దొరికింది. ఎక్కువమంది కొల్లూరు పేరు చెబుతారు, పరిటాల అనే మాట కూడా ఉంది. చాలా రోజుల బేరం తర్వాత పిట్ దాన్ని 48,000 వరహాలకు, అంటే అప్పటి లెక్కలో 20,400 పౌన్లకు కొన్నాడు. కొడుకు రాబర్ట్ చేత ఇంగ్లండుకు పంపించాడు. అక్కడ రెండేళ్లు కష్టపడి సానబెడితే 140 క్యారెట్ల పైచిలుకు రాయి మిగిలింది. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి దాన్ని 1,35,000 పౌన్లకు కొన్నాడు. రీజెంట్ వజ్రం అనే పేరుతో ఇప్పుడు అది పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉంది. దాన్ని కన్న కొల్లూరు గని ప్రాంతం పులిచింతల జలాశయం నీటి కింద ఉంది.

కృష్ణా వజ్రం అమ్మిన డబ్బుతో ఓల్డ్ సేరం సీటును కొన్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. వినడానికి అందంగా ఉంటుంది కానీ తేదీలు దానికి ఒప్పుకోవు. పిట్ ఓల్డ్ సేరం ఎస్టేటును కొన్నది 1691లో, సాల్స్‌బరీ ప్రభువు కుటుంబం నుంచి. వజ్రం చేతికొచ్చింది దాదాపు పదేళ్ల తర్వాత, అమ్ముడైంది మరో పదిహేనేళ్లకు. నిజానికి ఆ ఎస్టేటుకు పునాది బాలాసోరు రోజుల్లో, కంపెనీ దొంగచాటు అని పిలిచిన వ్యాపారంలో సంపాదించిన సొమ్ము. వజ్రం సొమ్ముతో వచ్చింది వేరే ఆస్తి. కార్న్‌వాల్‌లోని బొకొనాక్ ఎస్టేటును 1717లోనే 54,000 పౌన్లకు కొన్నాడు. అంటే వజ్రం పిట్ కుటుంబానికి సీటు తెచ్చిపెట్టలేదు, ఉన్న సీటును తరతరాలు నిలుపుకునే బలం ఇచ్చింది. నా దృష్టిలో ఈ సరిదిద్దిన కథ ప్రచారంలో ఉన్నదానికన్నా పెద్ద విషయం చెబుతుంది. ఒక రాయి అదృష్టం కాదు, తూర్పుదేశపు వ్యాపారం మొత్తంగా ఇంగ్లండు పార్లమెంటులోకి దారులు వేసుకుంది.

థామస్ పిట్ స్వయంగా ఓల్డ్ సేరం సభ్యుడిగా పలుమార్లు కూర్చున్నాడు. కొడుకు రాబర్ట్ కూర్చున్నాడు. 1735లో మనవడు విలియం పిట్ అదే సీటు నుంచి తొలిసారి సభలోకి వచ్చాడు. అన్న థామస్ రెండు చోట్ల ఎన్నికై, ఓల్డ్ సేరాన్ని వదులుకోవడంతో ఆ ఖాళీలో తమ్ముడు ప్రవేశించాడు. తర్వాతి కాలంలో ఛాతం ప్రభువుగా, ఏడేళ్ల యుద్ధాన్ని నడిపిన నాయకుడిగా పేరు పొందింది ఈయనే. 1747 వరకు ఆయన రాజకీయ జీవితానికి ఆధారం ఆ పాటిదిబ్బే. 1766లో అదే మనిషి సభలో నిలబడి, ఇలాంటి బరోలను రాజ్యాంగంలోని కుళ్లిన భాగం అన్నాడు.

సీటు ధర ఎంత?

సీటును ఆస్తిగా చూడడం ఎంత మామూలైపోయిందో పిట్ కుటుంబపు లావాదేవీలే చెబుతాయి. అప్పుల్లో కూరుకుపోయిన అన్న థామస్, సభ్యులను నిర్ణయించే హక్కును ఒక దశలో యువరాజు ఫ్రెడరిక్ వర్గానికి, తర్వాత ప్రభుత్వానికి అప్పగించి దాని మీద సొమ్ము తెచ్చుకున్నాడు. ఆయన మనవడు, రెండో కామెల్‌ఫర్డ్ ప్రభువు, 1802లో ఎస్టేటునే అమ్మేశాడు. కొన్నది ఐర్లండుకు చెందిన కాలెడన్ ప్రభువు. ధర సుమారు 60,000 పౌన్లు. ఆ భూమి, దాని మీది హక్కుల ద్వారా ఏడాదికి వచ్చే ఆదాయం ఎంత చూసినా 700 పౌన్లు దాటదని చెబుతారు.

ఈ రెండు అంకెలతో ఒక చిన్న లెక్క వేయవచ్చు. ఆ కాలంలో ఇంగ్లండులో భూమి విలువను ఏడాది ఆదాయానికి ఇన్ని రెట్లు అని కట్టేవారు. ఉదాహరణకు ఇరవై ఐదు రెట్లు అనుకుంటే, 700 పౌన్ల ఆదాయం ఉన్న భూమికి 17,500 పౌన్లు రావాలి. మిగిలిన 42,500 పౌన్లు గడ్డికి ఇచ్చినవి కావు, రెండు సీట్లకు ఇచ్చినవి. అంటే ఒక్కో సీటుకు ఇరవై వేల పై మాట. ఆ రోజుల్లో ఒక పార్లమెంటు కాలానికి, అంటే గరిష్ఠంగా ఏడేళ్లకు, సీటు కావలసినవారు నాలుగైదు వేల పౌన్లు ఇచ్చేవారు. దాన్ని బట్టి చూస్తే కాలెడన్ పెట్టుబడి ఆవేశంలో చేసింది కాదు, భూమి కొన్నట్టే వడ్డీ లెక్క చూసుకుని చేసింది. 1809లో సీట్ల అమ్మకాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది కానీ, ఎస్టేటు యజమాని తనవారిని నిలబెట్టడాన్ని అది ఆపలేదు.

ఈ లెక్కకు పక్కన మరో రెండు అంకెలు పెడితే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 1785లో విలియం పిట్ కొడుకు, ప్రధానమంత్రి చిన్న పిట్, ముప్ఫై ఆరు రాటెన్ బరోల సీట్లను కొనేసి రద్దు చేద్దామని, అందుకు పది లక్షల పౌన్లు కేటాయిద్దామని ప్రతిపాదించాడు. తలా సుమారు 27,800 పౌన్లు. సభ 248 ఓట్లతో దాన్ని తిరస్కరించింది, అనుకూలంగా వచ్చినవి 174. ఐర్లండు పార్లమెంటును 1800లో బ్రిటన్‌లో కలిపినప్పుడు రద్దయిన ఒక్కో బరో యజమానికి 15,000 పౌన్ల పరిహారం నిజంగానే చెల్లించారు. ఓటు హక్కు సొంత ఆస్తి అని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు అయింది.

కాలెడన్ సొమ్ము కూడా మద్రాసు వైపు నుంచి వచ్చిందే. ఆయన తండ్రి జేమ్స్ అలెగ్జాండర్ కంపెనీ ఉద్యోగంలో మద్రాసులోనూ బెంగాలులోనూ పనిచేసి సంపన్నుడయ్యాడు. తండ్రి చెల్లెలి భర్త జోసయస్ డుప్రే 1770 నుంచి 1773 వరకు మద్రాసు గవర్నరు. కాలెడన్ ప్రభువు అసలు పేరు డుప్రే అలెగ్జాండర్, అందులోని డుప్రే అక్కడి నుంచే వచ్చింది. 1802 తర్వాత ఓల్డ్ సేరం సభ్యుల పట్టికలో బెంగాలు గవర్నరు కొడుకు నికొలస్ వాన్సిటార్ట్, మద్రాసులో పనిచేసిన జోసయస్ పోర్షర్, కంపెనీ డైరెక్టరు జోసయస్ డుప్రే అలెగ్జాండర్ కనిపిస్తారు. 1691 నుంచి 1832 దాకా ఆ దిబ్బ యజమానులు రెండే కుటుంబాలు. ఆ రెండు కుటుంబాల సంపదకూ మూలం మన తూర్పు తీరం, బెంగాలు.

దీన్ని సమర్థించినవారు ఏమన్నారు?

ఇంత చూశాక, దీన్ని ఎవరైనా ఎలా వెనకేసుకొచ్చారు అనిపించడం సహజం. అయినా ఆ వాదనలను విప్పి చూడక తప్పదు, ఎందుకంటే వాటిని వినిపించినవారిలో చదువుకున్నవారు, నిజాయితీపరులు ఉన్నారు.

మొదటి వాదన ప్రతిభ గురించి. ధనబలం, జనబలం లేని తెలివైన యువకుడు పెద్ద పట్టణంలో గెలవడం కష్టం, ప్రభువు జేబులోని బరో అతనికి తలుపు తెరుస్తుంది అన్నారు. ఇందులో నిజం లేకపోలేదు. పెద్ద పిట్ ఓల్డ్ సేరం నుంచి, చిన్న పిట్ యాపిల్‌బీ నుంచి, ఎడ్మండ్ బర్క్ వెండోవర్ నుంచి అలాగే వచ్చారు. ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో ఐర్లండులోని పోర్టార్లింగ్టన్ సీటు కొనుక్కుని వచ్చి సంస్కరణల కోసం మాట్లాడాడు. దీనికి ఎదుటివారి జవాబు ఏమిటంటే, అదే తలుపు నుంచి వచ్చిన అనామకులు ఈ పేరున్నవారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, ఎవరు రావాలో తేల్చేది ప్రతిభ కాదు, యజమాని ఇష్టం.

రెండో వాదన పరోక్ష ప్రాతినిధ్యం. సభ్యుడు తాను ఎన్నికైన ఊరికి కాదు, దేశమంతటికీ ప్రతినిధి, మాంచెస్టరు నేతపని గురించి లాంకషైర్ కౌంటీ సభ్యులు మాట్లాడతారు కదా అన్నారు. మాంచెస్టరులో సొంత భూమి ఉన్న కొందరికి కౌంటీ ఎన్నికల్లో ఓటు ఉన్న మాట కూడా నిజమే. అయితే తన మాట వినకపోతే సభ్యుణ్ణి మార్చే అధికారం లేనివాడికి ప్రాతినిధ్యం ఉందని ఎలా అంటారన్న ప్రశ్నకు ఈ వాదన దగ్గర గట్టి సమాధానం దొరకలేదు. పన్ను కట్టి ఓటు లేని అమెరికా వలసలకు ఇదే మాట చెప్పి, ఆ వలసలనే పోగొట్టుకున్న అనుభవం అప్పటికే వారికి ఉంది.

మూడోది ఆస్తి వాదన. డబ్బు పెట్టి, చట్టబద్ధంగా కొన్న హక్కును పరిహారం లేకుండా లాక్కుంటే రేపు భూమినీ లాక్కుంటారు అన్నారు. ఐర్లండు పరిహారం తర్వాత ఈ వాదనకు బలం పెరిగింది. సంస్కరణ కోరినవారి వైపు నుంచి వచ్చిన జవాబు వ్యవహారం మూలాన్నే మార్చింది. ఓటు ఆస్తి కాదు, ప్రజల తరఫున అప్పగించిన బాధ్యత, బాధ్యతను అమ్మడం కొనడం మొదటి నుంచీ చెల్లదు, చెల్లనిదానికి పరిహారం ఉండదు. నాకు ఈ మలుపే ఆ చర్చ మొత్తంలో ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. జనాభా లెక్కలు ఎంత పేర్చినా దొరకని జవాబు ఇక్కడ దొరికింది.

1832: పట్టికలో మొదటి పేరు

1831 మార్చి 1న లార్డ్ జాన్ రస్సెల్ కామన్స్ సభలో సంస్కరణ బిల్లు ప్రవేశపెట్టాడు. ఆయన తన ప్రసంగంలో, ఇంగ్లండు స్వేచ్ఛ గురించి విని దూరదేశం నుంచి వచ్చిన ఒక అపరిచితుణ్ణి ఊహించుకోమన్నాడు. అతణ్ణి ఒక దిబ్బ దగ్గరకు తీసుకెళ్లి, ఈ దిబ్బ పార్లమెంటుకు ఇద్దరు సభ్యులను పంపుతుందని చెబితే అతను ఏమనుకుంటాడు అని అడిగాడు. పేరు చెప్పకపోయినా ఆ దిబ్బ ఏదో సభలో ఉన్నవారందరికీ తెలుసు.

బిల్లు రెండో పఠనంలో 302కు 301 ఓట్లతో, ఒకే ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. తర్వాత సవరణ దగ్గర ఓడింది, సభ రద్దయి ఎన్నికలు జరిగాయి, కొత్త సభ నెగ్గించిన బిల్లును అక్టోబరులో ప్రభువుల సభ 199కి 158 ఓట్లతో తిరస్కరించింది. బ్రిస్టల్, నాటింగ్‌హామ్ పట్టణాల్లో అల్లర్లు చెలరేగాయి. చివరికి 1832 జూన్ 7న చట్టం అయింది. పూర్తిగా రద్దయ్యే 56 బరోల పేర్లు మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఆ వరుసలో మొట్టమొదటి పేరు ఓల్డ్ సేరం. ఐర్లండు యజమానులకు దక్కిన పరిహారం ఇక్కడి యజమానులకు ఒక్క పౌను కూడా దక్కలేదు. మాంచెస్టరు, బర్మింగ్‌హామ్, లీడ్స్, షెఫీల్డులకు ఇద్దరేసి సభ్యులు వచ్చారు.

చట్టం దేన్ని మార్చింది, దేన్ని మార్చలేదు?

మొదట్లో చెప్పిన రెండు జబ్బుల దగ్గరకు ఇప్పుడు తిరిగి రావాలి. 1832 చట్టం మొదటిదానికి కొంత మందు వేసింది. మరీ పాడైన బరోలను తీసేసి ఆ సీట్లను పెద్ద పట్టణాలకు, కౌంటీలకు ఇచ్చింది. అయినా సమాన జనాభా సూత్రాన్ని అది పెట్టుకోలేదు, చిన్న బరోలు చాలా మిగిలాయి.

రెండోదానికి వేసిన మందు ఇంకా చిన్నది. బరోల్లో ఏడాదికి 10 పౌన్ల విలువ చేసే ఇంట్లో ఉండే పురుషులకు ఒకే రకమైన ఓటు అర్హత వచ్చింది కాబట్టి, ఖాళీ స్థలం పట్టా చూపి ఓటు వేసే పద్ధతి దెబ్బతింది. అయితే ఇంటి యజమాని, అద్దెకున్నవాడు అనే సంబంధం అలాగే ఉంది. ఓటు ఇంకా నోటితో, అందరి ముందూ చెప్పాలి. ఎవరికి వేశాడో తెలిశాక ఇల్లు ఖాళీ చేయించగల యజమాని ఉన్నంతకాలం జేబులోని బరోలు పోలేదు. అవి నిజంగా బలహీనపడింది 1872లో రహస్య ఓటింగు వచ్చాకే. మరోవైపు ప్రెస్టన్ లాంటి పట్టణాల్లో అంతకుముందు దాదాపు మగవారందరికీ ఉన్న ఓటు, ఉన్నవారి జీవితకాలం తర్వాత కొత్త తరానికి అందకుండా పోయింది. ఓటరు అంటే పురుషుడే అని చట్టంలో స్పష్టంగా రాసింది కూడా అప్పుడే. కనుక 1832ను ప్రజాస్వామ్యపు తొలి మెట్టు అనేవారి మాటలోనూ, పేదవారిని బయట ఉంచి మధ్యతరగతిని లోపలికి పిలిచిన ఒప్పందం అనేవారి మాటలోనూ నిజం ఉంది.

మన దేశంలో లోక్‌సభ సీట్ల పంపకం 1971 జనాభా లెక్కల దగ్గర నిలిచి ఉంది కనుక, ఓల్డ్ సేరంతో పోలిక తెచ్చేవారు ఈ తేడాను గమనించాలి. పునర్విభజన చర్చ అంతా మొదటి జబ్బు గురించే. సీటుకు ఎంత జనాభా, రాష్ట్రాల మధ్య న్యాయం, జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలకు నష్టం వంటివి దాని పరిధిలోకి వస్తాయి. ఓల్డ్ సేరానికి చెడ్డపేరు తెచ్చిన రెండో జబ్బుకు, అంటే ఓటు ఒకరి ఆస్తి కావడానికి, సరిహద్దులు గీసే కమిషన్ దగ్గర మందు ఉండదు.

ఓల్డ్ సేరం వల్ల పుట్టిన ఒక చట్టం మాత్రం దిబ్బ సీటు కన్నా చాలా ఎక్కువ కాలం బతికింది. 1801లో కామెల్‌ఫర్డ్ ప్రభువు ఆ సీటులో జాన్ హార్న్ టూక్ అనే సంస్కరణవాదిని నిలబెట్టాడు. 1794లో రాజద్రోహ నేరం మోపి విచారించినా జ్యూరీ నిర్దోషిగా విడిచిపెట్టిన మనిషి ఆయన. ఇంగ్లండులోనే చెడ్డ బరో నుంచి, ఆ బరోలను తీసేయాలని కోరిన మనిషి సభలోకి వచ్చాడు. ఆయన ఒకప్పుడు చర్చి మతాధికారిగా దీక్ష పొందాడన్న కారణంతో ప్రత్యర్థులు అభ్యంతరం లేవదీశారు, దీక్ష పొందినవారెవరూ కామన్స్ సభకు ఎన్నిక కాకూడదని అదే ఏడాది చట్టం చేశారు. టూక్‌ను ఆ పార్లమెంటు ముగిసేవరకు, అంటే 1802 వరకు ఉండనిచ్చారు. ఒక్క మనిషి కోసం చేసిన ఆ చట్టం ఓల్డ్ సేరం రద్దయ్యాక కూడా అలాగే నిలిచి, సరిగ్గా రెండు వందల ఏళ్ల తర్వాత, 2001లో రద్దయింది.